వచ్చినవాళ్లే కట్టిన ఊరు

పాత తిరుపతికి బయటినుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనుషుల్లో మొదటివాడు గోవిందరాజస్వామి. చిదంబరంలో నటరాజు సన్నిధి పక్కనే ఉండిన విష్ణుమూర్తిని చోళరాజు తీయించేశాడనీ, వైష్ణవులు ఉత్సవమూర్తిని కాపాడుకుంటూ ఉత్తరానికి తెచ్చి ఏడుకొండల కింద దాచుకున్నారనీ, 1130లో రామానుజాచార్యులు ఇక్కడ ప్రతిష్ఠ చేయించారనీ సంప్రదాయం. ఆచార్యులు గుడితో ఆగలేదు. గుడి చుట్టూ వీధులు వేయించి, స్వామి కైంకర్యం చేసేవాళ్లకు ఇళ్లిప్పించి ఒక అగ్రహారాన్ని నిలబెట్టారు. నేటి నగరానికి మొదలు అదే. ఈమధ్య ఏటా ఫిబ్రవరి 24న తిరుపతి పుట్టినరోజు చేస్తున్నది ఆ ప్రతిష్ఠను లెక్కలోకి తీసుకునే.

1539లో విజయనగర చక్రవర్తి అచ్యుతరాయలు చిదంబరంలో గోవిందరాజును మళ్లీ ప్రతిష్ఠింపజేశాడు. అయినా ఇక్కడికి వచ్చిన స్వామి వెనక్కి పోలేదు. అప్పటికే ఈ నేల ఆయనకు చుట్టరికం కలిపేసింది. గోవిందరాజు కొండమీది శ్రీనివాసుడికి అన్నగారట. తమ్ముడి పెళ్లికి కుబేరుడిచ్చిన అప్పు తీర్చడానికి కాసులు కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాడట. తిరుపతిలో ఏ అవ్వనడిగినా ఈ కథే చెబుతుంది. శాసనాల్లో వెతికితే దొరకదు. కానీ ఈ ఊరి స్వభావం తెలుసుకోవడానికి నాకు శాసనాల కంటే ఈ కథే ఎక్కువ పనికొచ్చింది. నిలువనీడ లేక వచ్చిన దేవుణ్ణి ఇంటికి పెద్దకొడుకును చేసుకున్న ఊరిది.

ఆ తరువాత వచ్చినవాళ్లు ఎందరో. శ్రీరంగం, కంచి దిక్కునుంచి వచ్చిన వైష్ణవ కుటుంబాలు మాడవీధుల్లో స్థిరపడ్డాయి. రాజంపేట దగ్గరి తాళ్లపాక నుంచి అన్నమయ్య వచ్చాడు, ఆయన వంశం తరాల తరబడి స్వామి సేవలో ఉండిపోయింది. ఈనాడు రైలు దిగినవాడికి ముందు కనబడే ఏడంతస్తుల గాలిగోపురం సిద్ధవటం ఏలిన మట్లి అనంతరాజు కట్టించింది. అంటే ఊరికి గుర్తుగా నిలిచిన గోపురం కూడా బయటివాడి కానుకే.

ఇక బైరాగుల సంగతి. తిరుపతి చరిత్రలో ఇంతకంటే వింతైన అధ్యాయం లేదు.

ఉత్తరదేశం నుంచి బావాజీ అనే సాధువు తిరుమలకొచ్చి గుడి ఎదురుగా మఠంలో ఉండేవాడు. రాత్రిపూట వేంకటేశ్వరుడు వచ్చి ఆయనతో పాచికలాడేవాడు. ఒకరాత్రి స్వామి ఓడిపోయి తన హారం అక్కడే వదిలిపోతే దొంగతనం బావాజీ మీద పడింది. బండెడు చెరకు గడలు గదిలో పోసి, తెల్లారేలోగా తిని నిజం నిరూపించుకోమన్నారు. రాత్రికి ఏనుగొచ్చి చెరకంతా తినిపోయింది. అప్పటినుంచి ఆయన హాథీరాం బావాజీ అయ్యాడు. తెలుగునాట లంబాడీలు ఆయన్ని తమవాడిగా కొలుస్తారు, మఠం తమదని కూడా వాదిస్తారు. ఆ వాదన ఎలా తేలినా, భాష రాని పరదేశి సాధువుతో దేవుడే వచ్చి ఆటాడాడని నమ్మిన ఊరు మాత్రం తిరుపతే.

కథ దాటి చరిత్రలోకొస్తే ఇంకా ఆశ్చర్యం. 1801లో ఆర్కాటు నవాబు చేతినుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీకి పోయింది. చిత్తూరులో కూర్చున్న ఉత్తర ఆర్కాటు కలెక్టరు గుడి వ్యవహారం చూసేవాడు. 1821లో బ్రూస్ కోడ్ పేరుతో గుడి నడపడానికి నిబంధనలు కూడా రాశారు. క్రైస్తవ ప్రభుత్వం హిందువుల గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల చేయడంతో 1843లో కంపెనీ చేతులు దులుపుకుని, పెత్తనాన్ని హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించింది. అప్పటినుంచి 1933 దాకా తొంభై ఏళ్లు, ఆరుగురు మహంతులు విచారణకర్తలుగా తిరుమల గుడిని నడిపారు. దక్షిణాదిలో ఇంత పెద్ద వైష్ణవ క్షేత్రం, అర్చకులది వైఖానసం, జియ్యంగార్లది తమిళం, పెత్తనం హిందీ మాట్లాడే బైరాగులది. తగాదాలు లేకుండా ఎట్లా ఉంటాయి? కోర్టులకెక్కాయి, మద్రాసు పత్రికలకెక్కాయి. అయినా మహంతుల కాలాన్ని తగాదాలతోనే కొలవడం అన్యాయం. ఊళ్లో సంస్కృత చదువుకూ ఇంగ్లీషు చదువుకూ బడులు లేచింది వాళ్ల హయాంలోనే. 1932 నాటి దేవస్థానం చట్టంతో చివరి విచారణకర్త ప్రయాగదాసు దిగిపోయాడు. మఠం మిగిలింది, భూములు మిగిలాయి, బైరాగిపట్టెడ అనే పేట పేరు మిగిలింది.

వాళ్లు ఈ ఊళ్లో ఎంత లోపలికి ఇంకిపోయారో తెలియాలంటే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడాలి. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడు దాక్కుంటే, వాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసింది. ఆ వేషాల్లో మొదటిది బైరాగి. ఒంటినిండా నామంకొమ్ము తెల్లగా పూసుకుని, రెల్లకాయల దండలేసుకుని, వేపాకు పట్టుకుని పిల్లలూ పెద్దలూ బూతులు తిట్టుకుంటూ వీధుల్లో పోతారు. మరునాటినుంచి బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసగా వస్తాయి. పాలెగాడి తల తెగేది దొర వేషం నాడు. ఆ గంగమ్మ వేంకటేశ్వరుడి చెల్లెలు, అందుకే కొండమీదినుంచి ఆమెకు సారె వస్తుంది. పరదేశి సాధువు రూపాన్ని ఊరి దేవతే తొలిగా ధరించిందంటే, అంతకు మించిన పౌరసత్వం ఇంకేముంటుంది?

1890ల మొదట్లో కాట్పాడి నుంచి పాకాల మీదుగా రైలొచ్చాక రాకపోకల తీరు మారిపోయింది. అంతకుముందు వచ్చినవాళ్లు స్వామి కోసం వచ్చి ఉండిపోయారు. రైలొచ్చాక, స్వామి కోసం వచ్చేవాళ్ల కోసం వచ్చినవాళ్లు మొదలయ్యారు. సత్రాలు, పూటకూళ్లు, ఇత్తడి సామాను, పటాలు, గాజులు, తువ్వాళ్లు. గాంధీరోడ్డు, తీర్థకట్ట వీధి, బజారు వీధి వ్యాపారంతో నిండాయి. అలిపిరి దగ్గర డోలీలు మోసేవాళ్లకు 1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్‌రోడ్డు తెరవడంతో బతుకుతెరువు సన్నగిల్లింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక కడప, అనంతపురం, నెల్లూరు పిల్లలు పుస్తకాలతో దిగారు. చదువైపోయినా చాలామంది పోలేదు, ఇక్కడే కాపురాలు పెట్టారు. సరిహద్దు గొడవల్లో తిరుపతి మాదేనని మద్రాసులో ఉద్యమం నడిచిన రోజుల్లో కూడా ఇక్కడి అంగళ్లలో తెలుగు, అరవం ఒకే నోట వచ్చేవి. 1960లో తిరుత్తణి అటుపోయింది, సత్యవేడు ఇటొచ్చింది. “ఏ ఊరు సామీ మీది?” అని అంగడివాడు రెండు భాషల్లో అడగడం మాత్రం మానలేదు.

తిరుపతికి దూరంనుంచి వచ్చినవాళ్లే కాదు, పైనుంచి దిగినవాళ్లూ ఉన్నారు. తిరుమలలో గుడి చుట్టూ ఒకప్పుడు ఊరుండేది. సన్నిధి వీధిలో ఇళ్లు, అంగళ్లు, తరాలుగా స్వామి నీడలో బతికిన కుటుంబాలు. రద్దీ పెరిగి మాస్టర్‌ప్లాన్ వచ్చాక ఒక్కొక్క వరసా ఖాళీ అయింది. 2003లో వేయికాళ్ల మండపం కూడా పోయింది. కొందరికి కొండమీదే బాలాజీ నగర్‌లో చోటిచ్చారు, తక్కినవాళ్లు కిందికొచ్చారు. లక్షలమంది భక్తులకు దారి కావాలన్నమాట కాదనలేను. కానీ ఆ ఇళ్ల చరిత్రను, ఆ మనుషుల జ్ఞాపకాలను రాసిపెట్టే పని ముందు జరిగి ఉండాల్సింది. జరగలేదు, ఆ నష్టం ఇక తీరేది కాదు.

1886లో పురపాలక సంఘంగా మొదలైన ఊరు 2007లో నగరపాలక సంస్థ అయింది. 2011 లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 2.87 లక్షలు, చుట్టుపక్కల కలిపితే 4.6 లక్షలు దాటుతుంది. కొండెక్కే భక్తులు మామూలు రోజుల్లోనే 60 వేల పైమాటే. ఈ జనానికి వండిపెట్టేది, గదులు ఊడ్చేది, దుప్పట్లుతికేది, ఆటోలు, జీపులు నడిపేది ఎవరు? పుంగనూరు, పలమనేరు, కుప్పం మెట్టపొలాల్లో వానల్లేక, బోర్లెండి బస్సెక్కినవాళ్లు. మదనపల్లె, రాయచోటి దిక్కునుంచి వచ్చినవాళ్లు. హోటళ్ల వంటశాలల్లో ఇప్పుడు ఉత్తరాది కుర్రాళ్ల హిందీ కూడా వినిపిస్తుంది. బైరాగుల తరువాత ఆ భాష తిరుపతికి మళ్లీ కూలీల నోట వచ్చింది. కొర్లగుంట, జీవకోన వంటి పేటల్లో వీళ్లది అద్దె బతుకు.

వీళ్లకు ఊరు ఇంకా చుట్టరికం కలపలేదు. నన్ను బాధపెట్టేది ఇదే. గోవిందరాజును అన్నగారిని చేసిన ఊరు, బావాజీతో స్వామి చేత పాచికలాడించిన ఊరు, గదులు కడిగే మనిషి ఎక్కడ పడుకుంటున్నాడో అడగడం లేదు. పాత వీధుల్లో ఇళ్లు లాడ్జీలవుతున్నాయి. భక్తుడికి రోజు అద్దెకిస్తే వచ్చే డబ్బు సంసారానికి నెల అద్దెకిస్తే రాదు కాబట్టి అద్దె ఇళ్లు ఊరి అంచులకు జరుగుతున్నాయి. గాంధీరోడ్డులోని హాథీరాంజీ మఠం పాత కట్టడాన్ని పడగొట్టాలా, బాగుచేసి నిలపాలా అన్న వాదనలోనూ తరాలుగా అక్కడ అంగళ్లు పెట్టుకున్నవాళ్ల బతుకులు ఇరుక్కున్నాయి.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడలో జనం ఎగబడి తొక్కిసలాట జరిగింది. ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. మహంతుల నాటి ఆ పేట, దాని పేరైనా వినని ఊళ్లలో సైతం ఆ దుర్వార్తతోనే తెలిసింది. కొండమీది రద్దీ భారాన్ని కిందనున్న ఇరుకు పేటలు ఎంతకాలం మోస్తాయో ఆలోచించాల్సిన సమయం అది. దేవస్థానం బడ్జెట్‌లో ఒక్క శాతం తిరుపతి బాగుకు ఖర్చుపెట్టాలని 2023లో పాలకమండలి అనుకుంటే ప్రభుత్వం వద్దంది. భక్తుల కానుక భక్తులకే చెందాలన్న వాదనను గౌరవిస్తాను. అయితే ఆ భక్తుడికి అన్నం వండి, పక్క పరిచే మనిషికి గూడు కట్టడం భక్తుడి సేవ కాదా?

నగరపాలక సంస్థ, దేవస్థానం కలిసి యాత్రికుల పనుల్లో ఉన్న కూలీలకు ఊరి నడుమనే తక్కువ అద్దె ఇళ్లు కట్టాలి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మిగిలిన పాత ఇళ్లనూ, సత్రాలనూ, మఠాన్నీ ముట్టుకునే ముందు కొలతలతో, ఫోటోలతో, అక్కడున్నవాళ్ల మాటలతో సహా నమోదు చేయాలి. ఆ పని విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ పిల్లలు ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. మీ ఇంట్లో పాత తిరుపతి ఫోటోలు, దస్తావేజులు, అంగడి లెక్కల పుస్తకాలు ఉంటే పారేయకండి, వాళ్లకు చూపించండి.