పాత వీణలో వయసెంత, మరమ్మతెంత?

ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు, 1936లో కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, ఇద్దరూ గోదావరి డెల్టా ఇచ్చిన వైణికులే. ఏళ్ల తరబడి మంచి చేతిలో నలిగిన వీణే బాగా పలుకుతుందన్న నమ్మకం ఆ వాద్యం ఉన్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కొంత మాత్రం నిలవలేదు.

ముందు చెక్క సంగతి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తాయి. ఏ చెక్కలోనైనా హెమీసెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. గాలిలో తేమను ఎక్కువగా పట్టుకునేది అదే. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా క్షీణిస్తుంది. చెక్క తేలికపడుతుంది, తేమను తక్కువగా పీలుస్తుంది. దాంతో తీగ కంపనం చెక్కలోనే వేడిగా మారి ఇంకిపోవడం తగ్గి, నాదం మరికాసేపు నిలుస్తుంది. వానాకాలమంతా గోడలు చెమర్చే కోనసీమలో ఇది చిన్న లాభమేమీ కాదు.

మరి వాయించడం వల్ల?

సిడ్నీలో పరిశోధకుడు జో వుల్ఫ్ బృందం ఈ ప్రశ్నను సూటిగా పట్టుకుంది. జంటగా తయారైన రెండు వయొలిన్లలో ఒకదాన్ని సంగీతకారుడికిచ్చి, రెండోదాన్ని మ్యూజియంలో ఉంచారు. మూడేళ్ల తర్వాత పోల్చితే చెప్పుకోదగ్గ తేడా ఏదీ తేలలేదు. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలినిస్టులు నల్ల కళ్లజోళ్లు పెట్టుకుని పాతవీ కొత్తవీ వాయించి చూశారు. ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్త వయొలిన్‌ని. అన్నిటికన్నా వెనకబడింది ఒక పాత స్ట్రాడివేరియస్.

అయితే వీణ వయొలిన్ కాదు. దాని 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు కుంగి శ్రుతి తప్పుతుంది. గమకం కోసం తీగను లాగీ లాగీ మెట్టు మీద సన్నని గాడి పడుతుంది, అక్కడ స్వరం జీరబోతుంది. అందుకే మేళం, అంటే మెట్ల వరుస, మళ్లీ కట్టించాలి. తీగల కింద ఉండే గుర్రం మీది లోహపు రేకు ఇంకా సున్నితం. దాని స్వల్పమైన వంపు వల్లే పై అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) అంత నిండుగా పలుకుతాయని విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1921లోనే చూపారు. ఆ వంపు అరిగితే ఎంత ముదురు పనసైనా ఆదుకోలేదు.

ఇక తీగల సంగతి. ఎలక్ట్రిక్ బాస్ గిటార్‌లో అయస్కాంత పికప్ పట్టుకునేది ఉక్కు తీగ కదలికనే కాబట్టి చెక్క పాత్ర మరీ తక్కువ. అమెరికన్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు. చెమటా మురికీ చేరి మొద్దుబారిన ఆ ధ్వనే ఆయన కోరుకున్నది. వీణకు అది గిట్టదు. అంతర్వేది ఉప్పుగాలి తగిలే రాజోలు వైపు ఉక్కు తీగ తుప్పు పడితే బరువు అంతటా ఒకేలా ఉండదు, అనుస్వరాలు చెదురుతాయి.

పాత వీణ కొనబోయేవారు ముందు మెట్లను గోటితో తడిమి గాడి చూడాలి, మైనంలో పగుళ్లు వెతకాలి, రేకు మీద తీగ కోసిన గీత ఎంత లోతో వంగి గమనించాలి. చెక్క వయసు అడగడం ఆ తర్వాత.