వాదసభలో మూడవవాడు



న్యాయశాస్త్రమున సభలో జరుగు సంభాషణము మూడు విధములని చెప్పబడినది. తత్త్వము తెలిసికొనగోరి చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక యెదుటివాని మాటను ఖండించుటయే పనిగా గలది వితండ. మా గురువుగారు వాదించువారి లక్షణములను మాకు నెలలకొలది నేర్పిరి గాని, ఎదుట కూర్చుండి చప్పట్లు చరచువారిని గూర్చి యేమియు చెప్పలేదు. 1992వ సంవత్సరమున అమెరికాలో జరిగిన అధ్యక్షుని యెన్నికను గూర్చి చదివినపుడు ఆ కొదవ నాకు తోచినది.

ఆ దేశమున రిపబ్లికనులు, డెమోక్రాటులు అని రెండు పెద్ద కక్షలు గలవు. ఆ యేట మొదటివారి పక్షమున అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్, రెండవవారి పక్షమున బిల్ క్లింటన్ నిలిచిరి. మూడవవాడు రాస్ పెరో. టెక్సాస్ వాడు, కంప్యూటర్ల వ్యాపారమున కోట్లు గడించినవాడు, అంతకుముందెన్నడును ప్రభుత్వ పదవికి ఎన్నికైనవాడు కాడు. ఫిబ్రవరిలో టెలివిజన్‌లో మాటలాడుచు, ప్రజలు తమంత తాము పూనుకొని 50 రాష్ట్రములందును తన పేరు ఓటుకాగితముపై నెక్కించినచో నిలిచెదననెను. జనులు లక్షలకొలది సంతకములు పోగుచేసిరి. తీరా జూలై 16వ తేదీన ఆయన తప్పుకొనెను! పెండ్లిపందిరి వేసి పీటలు వాల్చిన తరువాత పెండ్లికుమారుడు లేచిపోయినట్లయినది. అక్టోబరు 1వ తేదీన మరల వచ్చెను. తొలుత నమ్మి తిరిగినవారిలో పెక్కురు ఈమారు నమ్మలేకపోయిరి.

అక్టోబరు 11వ తేదీన సెయింట్ లూయిస్ నగరమున మువ్వురును ఒక వేదికపై నిలిచిరి. అనుభవమును గూర్చి మాట వచ్చినపుడు, 4 లక్షల కోట్ల డాలర్ల అప్పు పేర్చిన అనుభవము మాత్రము తనకు లేదని పెరో బదులిచ్చెను. సభ గొల్లుమన్నది. ఇది వాదమా, జల్పమా యని మీరడిగిన, జల్పమే యందును; కాని అప్పు మాత్రము నిజమైనది. చూచినవారిని విచారింపగా, ఆ రాత్రి బాగుగా మాటలాడినవాడు పెరోయే యని యెక్కువమంది చెప్పిరి. అలిగి పోయిన పక్షమువారు తిరిగి చేరిరి. పదింటికి లోపుగా నుండిన ఆయన బలము ఎన్నికనాటికి రెట్టింపునకు మించెను.

రెండుదినములకు ఉపాధ్యక్ష పదవికి నిలిచినవారి సభ అట్లాంటాలో జరిగినది. పెరో పక్షమున వచ్చినవారు జేమ్స్ స్టాక్‌డేల్. నౌకాదళమున విమానములు నడపినవారు. 1965లో వియత్నాంలో శత్రువులకు చిక్కి, ఏడేండ్లకు పైగా చెరలో చిత్రహింసలు పడినవారు. గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్ బోధను ఆ చెరలో ఆచరించి చూపినవారు. తొలుత ఆయన పేరు తాత్కాలికముగా వ్రాయించినది. సభ గలదని ఆయనకు తెలిసినది వారము దినములకు ముందు మాత్రమే. ఆయన లేచి, నేనెవరిని, ఇచ్చటికేల వచ్చితిని అను ప్రశ్నతో ఉపన్యసింప మొదలిడిరి. మన వేదాంతులకు ఇంతకు మించిన ఆరంభము లేదు. అచ్చటనో, జనులు నవ్విరి. తరువాత, చెవియందలి యంత్రము పని చేయుచుండనందున ప్రశ్న మరల చెప్పుడని అడిగిరి. ఆ రెండు మాటలను పట్టుకొని విదూషకులు కొన్నాళ్లు పొట్టపోసికొనిరి. మొన్న ఉప్పొంగిన పెరో పక్షమువారు నేడు తల దించుకొనవలసి వచ్చెను. ఇంతటి పండితుడు, ధీరుడు తొంబది నిమిషముల సభలో తేలిపోవుట నాకిప్పటికిని కష్టముగానే యున్నది.

నవంబరు 3వ తేదీన ఓట్లు లెక్కింపగా పెరోకు ఇంచుమించు 1 కోటి 97 లక్షలు, అనగా నూటికి 19 వచ్చినవి. అచ్చట అధ్యక్షుని ఎన్నుకొనువారు 538 మంది నియోజకులు. వారిలో ఒక్కడైనను ఆయనకు దక్కలేదు. ఏలయన, దాదాపు అన్ని రాష్ట్రములందును ఎక్కువ ఓట్లు వచ్చినవానికే ఆ రాష్ట్రపు నియోజకులందరును చెందుదురు. మెయిన్ రాష్ట్రమున ఆయనకు నూటికి 30 వచ్చి, బుష్‌ను దాటి రెండవవాడయ్యెను. అయినను ఫలము సున్న. బుష్ ఓటమికి పెరోయే కారణమని కొందరనిరి గాని, ఓటువేసి వచ్చినవారిని విచారింపగా, పెరో లేనిచో ఆయన ఓట్లు ఇరువైపులకును ఇంచుమించు సమముగా చీలియుండునని తేలినది.

ఒక స్వవిషయము చెప్పుకొందును. పూర్వమొకమారు మా గ్రామమున సర్పంచు పదవికి ఇద్దరు మోతుబరులతో పాటు మూడవవాడుగా ఒక చిన్నరైతు నిలిచెను. రచ్చబండకడ చెరువు మరమ్మతు లెక్కలు పైసలతో సహా చదివి వినిపించెను. మేమందరము చప్పట్లు కొట్టితిమి. అందరికంటె గట్టిగా కొట్టినవాడను నేనే. ఓటునాడు మాత్రము, గెలువనివానికి వేయుటెందుకని మరియొక గుర్తుపై ముద్ర వేసి వచ్చితిని. మరునాడాతడు ఎదురుపడి, “మాస్టారూ, ఆ చప్పట్లు విని పెట్టెలో మూడు వందలైనను ఉండునని యెంచితినండీ” యనెను. నేను నేల చూచితిని. ఊరిలో అందరును నావలెనే లెక్కవేసికొనిరని తరువాత తెలిసినది. అందరును ఆ లెక్క వేయకున్నచో ఏమయ్యెడిదో!

1996లో పెరో మరల నిలిచెను. వాదసభలను నడపు సంఘమువారు, ఈతడు గెలుచు ఆస లేదని చెప్పి పిలువలేదు. ఆయన న్యాయస్థానమునకు పోయెను, లాభింపలేదు. అప్పుడు వచ్చిన ఓట్లు నూటికి 8 మాత్రమే. 2000వ సంవత్సరపు ఎన్నికకు ఆ సంఘమువారు క్రొత్త నియమమును పెట్టిరి: దేశమంతట జరుగు అభిప్రాయసేకరణములలో నూటికి 15 మంది మద్దతు గలవానికే వేదికపై చోటు. మద్దతు రావలెనన్న వేదిక కావలెను, వేదిక కావలెనన్న మద్దతు చూపవలెను. ఆ నియమమే 1992లో నుండినచో, అక్టోబరు 11వ తేదీన సెయింట్ లూయిస్ సభలో రెండే పీఠములుండెడివి.