నంబర్ 1 ర్యాంకు సరే, ఆ అయిదుగురి సంగతేంటి? టెక్సస్ లాంగ్‌హార్న్స్ 2025 సీజన్‌పై ఒక అంచనా

2025 ఆగస్టు 30, శనివారం, మన కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో ఒక మ్యాచ్ మొదలవుతుంది. ఆ స్టేడియంలో 1,02,780 మంది కూర్చోవచ్చు. మైదానంలోకి దిగేవాళ్లు మాత్రం అందరూ విద్యార్థులే. ఒకవైపు గత సీజన్ జాతీయ విజేత ఒహాయో స్టేట్. మరోవైపు ఈ సీజన్‌ను నంబర్ 1 ర్యాంకుతో మొదలుపెడుతున్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ జట్టు, లాంగ్‌హార్న్స్.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు ఆ ముదురు నారింజ రంగు చొక్కాలు కొత్త కాదు. సెప్టెంబర్ వచ్చిందంటే ఆఫీసులో సోమవారం మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మరి ఈ ఏడాది టెక్సస్ నిజంగా గెలవగలదా? ఆ ర్యాంకును ఎంతవరకు నమ్మవచ్చు?

ముందుగా ఒక మాట. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే, విసిరే ఆట. ఒక్కో వైపు 11 మంది ఉంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకు వెళ్తుంది. బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. ఎటు విసరాలో, ఎవరికి అందించాలో నిర్ణయించే ఆటగాడే క్వార్టర్‌బ్యాక్.

ర్యాంకు చెప్పేది ఎంత?

అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఆగస్టు 11న సీజన్ ముందు ర్యాంకులు ప్రకటించింది. క్రీడా విలేకరుల ఓట్లతో తేలే ఈ జాబితాలో, సీజన్ మొదలుకాకముందే టెక్సస్ మొదటి స్థానంలో నిలవడం ఇదే తొలిసారి. అయితే ఆధిక్యం స్వల్పమే. మొదటి స్థానానికి టెక్సస్‌కు 25 ఓట్లు పడితే, రెండో స్థానంలో ఉన్న పెన్ స్టేట్‌కు 23 పడ్డాయి.

ఇంతకీ ఈ ర్యాంకు దేన్ని కొలుస్తుంది? గత ఏడాది ఫలితాలను, ఈ ఏడాది మీద ఆశను కలిపి కొలుస్తుంది. ఆ ఆశ ఎంత తరచుగా తప్పుతుందో చూడండి. 2018 నుంచి 2024 వరకు వరుసగా ఏడు సీజన్లలో, మొదట్లో నంబర్ 1గా ఉన్న జట్టు చివర్లో టైటిల్ గెలవలేదు. అలబామా, క్లెమ్సన్, జార్జియా వంటి హేమాహేమీలకే ఆ అనుభవం ఎదురైంది. చివరిసారి ఆ అంచనా నిజమైంది 2017లో, అలబామా విషయంలో.

టెక్సస్ చివరిసారి జాతీయ టైటిల్ గెలిచింది 2005 సీజన్‌లో. అంటే 20 ఏళ్లు. ఈ మధ్య కాలంలో కోచ్‌లు మారారు, జట్టు పాత లీగ్ వదిలి 2024 జులైలో దేశంలోనే గట్టి పోటీ ఉండే ఆగ్నేయ రాష్ట్రాల లీగ్ ఎస్‌ఈసీలోకి వచ్చింది. 2021లో బాధ్యతలు తీసుకున్న కోచ్ స్టీవ్ సార్కిసియన్ మొదటి ఏడాది 5 గెలిచి 7 ఓడారు. తర్వాత 8-5, ఆపైన 12-2, నిరుడు 13-3. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ వచ్చిన జట్టు ఇది. ఇప్పుడు మిగిలింది ఆఖరి మెట్టే.

ఓడించిన ఆ ఇద్దరే మళ్లీ

నిరుడు టెక్సస్ ఓడిన మ్యాచ్‌లు మూడే. వాటిలో రెండు జార్జియా చేతిలో, ఒకటి ఒహాయో స్టేట్ చేతిలో. జార్జియా మొదట ఆస్టిన్‌లోనే 30-15తో ఓడించింది. తర్వాత లీగ్ ఫైనల్‌లో అదనపు సమయంలో 22-19తో గెలిచింది. జాతీయ సెమీఫైనల్‌లో ఒహాయో స్టేట్ 28-14తో ఇంటికి పంపింది.

ఆ సెమీఫైనల్ చివరి నిమిషాలు టెక్సస్ అభిమానులకు ఇంకా మానని గాయం. ఏడు పాయింట్లు వెనకబడి ఉన్న జట్టు, గీతకు ఒక్క గజం దూరం దాకా చేరింది. రెండో ప్రయత్నంలో పక్కకు పరుగెత్తబోయి ఏడు గజాలు వెనక్కి పోయింది. నాలుగో ప్రయత్నంలో ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్ దూసుకొచ్చి క్వార్టర్‌బ్యాక్ చేతిలోని బంతిని జారవిడిచేలా చేసి, తానే అందుకుని 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

ఈ ఏడాది ఆ రెండు జట్లతోనూ మ్యాచ్‌లు ఉన్నాయి. రెండూ ప్రత్యర్థి గడ్డ మీదే. సీజన్ తొలి రోజునే ఒహాయో స్టేట్‌తో, నవంబర్ 15న ఏథెన్స్‌లో జార్జియాతో.

ఆ ఇంటి పేరు బరువు

ఇప్పుడు అందరి చూపూ ఆర్చ్ మానింగ్ మీద ఉంది. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై ముగ్గురూ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు. తండ్రి కూపర్‌కు వెన్నెముక సమస్య వల్ల కాలేజీకి చేరే వయసులోనే ఆట ఆగిపోయింది. ఆర్చ్ హైస్కూల్లో ఉన్నప్పుడే దేశమంతా అతని పేరు మోగిపోయింది.

అయినా 2023లో టెక్సస్‌లో చేరాక అతను రెండేళ్లు బెంచీ మీదే గడిపాడు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఆడే అవకాశం రాని విద్యార్థి మరో యూనివర్సిటీకి మారిపోవచ్చు, చాలామంది మారుతున్నారు కూడా. ఆర్చ్ మారలేదు. సీనియర్ క్విన్ యూవర్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోవడంతో ఇప్పుడు అతని వంతు వచ్చింది.

అతని గురించి మనకు ఆధారాలతో తెలిసింది కొంచెమే. నిరుడు యూవర్స్ గాయపడినప్పుడు మొదటి నుంచి ఆడినవి రెండు మ్యాచ్‌లు. లూసియానా-మన్రో మీద 51-3, మిసిసిపీ స్టేట్ మీద 35-13తో జట్టు గెలిచింది. సీజన్ మొత్తంలో 939 గజాల పాస్‌లు, 9 టచ్‌డౌన్ పాస్‌లు, ప్రత్యర్థి చేతికి చిక్కినవి రెండు. యూవర్స్ కన్నా వేగంగా పరుగెత్తగలడు. ఇవన్నీ ఆశ కలిగించేవే.

కానీ ఎక్కువమంది మరిచిపోయిన ఒక సంగతి ఉంది. ఆస్టిన్‌లో జార్జియాతో ఆడుతూ వెనకబడ్డప్పుడు కోచ్ యూవర్స్‌ను తప్పించి కాసేపు మానింగ్‌ను పంపారు. అతనూ ఏమీ చేయలేకపోయాడు. మళ్లీ యూవర్సే వచ్చాడు. ఆ రాత్రి సమస్య బంతి విసిరేవాడిది మాత్రమే కాదు. విసిరే లోపే జార్జియా ఆటగాళ్లు మీదికి వచ్చిపడుతున్నారు.

అసలు ప్రశ్న ఇక్కడుంది

క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి వచ్చాక ఆలోచించి విసరడానికి దొరికేది సుమారు రెండున్నర, మూడు సెకన్లు. ఆ సెకన్లను సంపాదించి పెట్టేది అతని ముందు గోడలా నిలబడే అయిదుగురు. ఒక్కొక్కరు 140 కిలోల బరువుకు అటూ ఇటూ ఉంటారు. దీన్నే అఫెన్సివ్ లైన్ అంటారు. వీళ్ల పేర్లు టీవీలో పెద్దగా వినపడవు. వీళ్లు తడబడితే మాత్రం ఎంతటి క్వార్టర్‌బ్యాక్ అయినా నిస్సహాయుడే.

నిరుటి అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. వారిలో కెల్విన్ బ్యాంక్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఆటగాడిగా ఎంపికయ్యాడు. డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ జట్లు వరుసగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ. పాతవాళ్లలో మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. బ్యాంక్స్ స్థానంలోకి వస్తున్న ట్రెవర్ గూస్‌బీకి నిరుడు కొంత అనుభవం దక్కింది. మిగతావాళ్లు కూడా సమర్థులే కావచ్చు. కానీ ఈ అయిదుగురి పని ఒక్కొక్కరి బలంతో నడిచేది కాదు. పక్కవాడు ఎటు అడుగు వేస్తాడో చూడకుండానే తెలియాలి. అది కలిసి ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతో వచ్చేదే. వీళ్ల మొదటి మ్యాచ్ లక్ష మంది ప్రత్యర్థి అభిమానుల మధ్య. పక్కవాడి కేక కూడా వినపడని చోట.

మొత్తం మీద ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో టెక్సస్ నుంచి 12 మంది వెళ్లారు. పాస్‌లు అందుకునే మాథ్యూ గోల్డెన్, గన్నర్ హెల్మ్ కూడా వారిలో ఉన్నారు. ఆ లోటు తీర్చాల్సింది రెండో ఏడాది విద్యార్థి ర్యాన్ వింగో, కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చిన జాక్ ఎండ్రీస్ వంటివాళ్లు. పరుగుల్లో నిరుడు 1,064 గజాలు సాధించిన విస్నర్ ఉన్నాడు. మోకాలి గాయంతో ఏడాదంతా దూరమైన సీజే బాక్స్‌టర్ తిరిగొస్తున్నాడు. కొత్త క్వార్టర్‌బ్యాక్‌కు ఇది పెద్ద ఊరట.

నమ్మకం డిఫెన్స్ మీద

మరి ఇన్ని అనుమానాలున్నా మొదటి ర్యాంకు ఎందుకు ఇచ్చారు? సమాధానం డిఫెన్స్‌లో ఉంది. నిరుడు టెక్సస్ ప్రత్యర్థులకు ఒక్కో మ్యాచ్‌లో ఇచ్చింది సగటున 15 పాయింట్లకు కాస్త ఎక్కువ. ఆ డిఫెన్స్‌కు ప్రాణంలాంటి ముగ్గురు ఇంకా ఉన్నారు. మధ్యలో ఆంథొనీ హిల్. అంచు నుంచి దూసుకొచ్చే కాలిన్ సిమన్స్ మొదటి ఏడాదిలోనే 9 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. వెనకాల మైఖేల్ టాఫ్, స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరి ఈ స్థాయికి వచ్చినవాడు.

బలహీనత ముందు వరుస మధ్యలో ఉంది. అక్కడ కొండల్లా నిలిచిన ఆల్ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రాటన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లారు. వాళ్ల స్థానాల కోసం ఇతర యూనివర్సిటీల నుంచి ఆటగాళ్లను తెచ్చుకున్నారు. వారిలో హీరో కాను ఒహాయో స్టేట్ నుంచే వచ్చాడు.

చిన్నగా కనిపించే మరో విషయం కిక్కర్. నిరుడు జార్జియాతో లీగ్ ఫైనల్‌లో టెక్సస్ రెండు ఫీల్డ్ గోల్స్ చేజార్చుకుంది. ఒక్కోదానికి మూడు పాయింట్లు. ఓడింది మూడు పాయింట్ల తేడాతో. ఈ ఏడాది ఆ పని కోసం టెక్సస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీని తీసుకున్నారు.

షెడ్యూల్‌లో దాగిన చిక్కు

కొలంబస్ తర్వాత వరుసగా మూడు సులువైన మ్యాచ్‌లు ఆస్టిన్‌లో ఉన్నాయి. అసలు కష్టం ఆ తర్వాతే. సెప్టెంబర్ 20 దాటితే నవంబర్ 1 దాకా సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. అక్టోబర్ 4న ఫ్లోరిడా వెళ్లాలి. నిరుడు ఆ జట్టును 49-17తో ఓడించారు కానీ అప్పుడు వాళ్ల ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డీజే లాగ్‌వే గాయంతో ఆడలేదు. వారం తిరక్కుండానే 11న డాలస్‌లో చిరకాల ప్రత్యర్థి ఒక్లహామా. స్టేడియం సగం నారింజ, సగం ఎరుపు రంగులో ఉండే ఆ మ్యాచ్‌లో పాత లెక్కలు పనిచేయవు. తర్వాత కెంటకీ, మిసిసిపీ స్టేట్ ప్రయాణాలు. చివర్లో జార్జియా, ఆర్కన్సా, నవంబర్ 28న ఆస్టిన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం.

ఇదంతా పదేళ్ల కిందట అయితే, ఒహాయో స్టేట్ చేతిలో ఓడగానే సగం ఆశలు పోయేవి. అప్పుడు టైటిల్ పోరుకు నాలుగు జట్లకే చోటు. నిరుటి నుంచి 12 జట్లకు చోటిస్తున్నారు. నిరుడు టైటిల్ గెలిచిన ఒహాయో స్టేట్ అంతకు ముందు రెండు మ్యాచ్‌లు ఓడింది. మూడు ఓడిన అలబామాకు మాత్రం ఆ పన్నెండులో చోటు దక్కలేదు. అంటే గీత ఎక్కడుందో తెలిసిపోయింది. రెండు ఓటములు భరించవచ్చు. మూడోది ప్రమాదం.

ఇక డబ్బు విషయం. 2025 జులై నుంచి యూనివర్సిటీలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. ఒక్కో యూనివర్సిటీకి 2025-26లో పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. టెక్సస్ లాంటి సంపన్న యూనివర్సిటీకి అది భారం కాదు. అందుకే 'ఇది యువ జట్టు, ఓపిక పట్టండి' అంటే వినేవాళ్లు తక్కువ.

మా అంచనా

కొలంబస్‌లో టెక్సస్ ఓడిపోయే అవకాశమే కాస్త ఎక్కువ. ఒహాయో స్టేట్ కూడా 14 మందిని డ్రాఫ్ట్‌కు పోగొట్టుకుంది, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ కూడా కొత్తవాడే. కానీ జెరెమైయా స్మిత్, క్యాలెబ్ డౌన్స్ ఉన్న జట్టును దాని సొంత మైదానంలో, నలుగురు కొత్తవాళ్ల గోడతో ఓడించడం తేలిక కాదు. అక్కడ ఓడినా సీజన్ అయిపోదు. జార్జియాలో కూడా ఓడి, మిగతావన్నీ గెలిస్తే 10-2. దాంతో పన్నెండులో చోటు దాదాపు ఖాయం. అసలు గండం అక్టోబర్ మొదటి రెండు వారాలు. అక్కడ ఒక్కటి జారినా లెక్క తప్పుతుంది.

2005లో టైటిల్ గెలిచిన ఏడాది కూడా టెక్సస్ సెప్టెంబర్‌లో ఇదే కొలంబస్ వెళ్లి 25-22తో గెలిచింది. అభిమానులు దాన్ని శకునంగా చెప్పుకుంటున్నారు. శకునాల సంగతి ఎలా ఉన్నా, శనివారం రాత్రి మ్యాచ్ చూసేవాళ్లు ఒక పని చేయండి. బంతి మానింగ్ చేతికి రాగానే అతన్ని కాదు, అతని ముందున్న అయిదుగురిని చూడండి. మొదటి అరగంటలో వాళ్లు అతనికి మూడు సెకన్లు ఇవ్వగలిగితే ఆ నంబర్ 1 ర్యాంకుకు అర్థం ఉన్నట్టు. లేకపోతే, ఎంత గొప్ప ఇంటి పేరైనా ఆ సెకన్లను తెచ్చిపెట్టలేదు.