పాత కుర్చీ మెత్త కుంగితే

పాత టేకు కుర్చీలో మెత్త కుంగినప్పుడు కంటికి ముందుగా ఆనేది చిరిగిన పైగుడ్డే అయినా, అసలు లోపం చాలావరకు అడుగున, చట్రానికి నిలువుగా, అడ్డంగా అల్లి బిగించిన జనపనార పట్టీల్లో ఉంటుంది. పట్టీల సంగతి చూడకుండా పైగుడ్డ మార్చితే ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవదు. ఫోము వాడకం రాకముందు చేసిన కుర్చీల్లో ఈ పట్టీల మీద స్ప్రింగులు, వాటిపై గోనెగుడ్డ, దానిపై కొబ్బరి పీచు, పలచని దూది పొర, చివరకు పైగుడ్డ ఉంటాయి.

ఈ పొరల్లో రెండింటి ముడిసరుకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి బాగా తెలిసినదే. ఒకటి నెల్లిమర్ల మిల్లు పేరుతో ముడిపడిన జనపనార, రెండోది కవిటి, సోంపేట చుట్టూ పరుచుకున్న ఉద్దానం కొబ్బరి. రెండింటికీ ఆధారం సెల్యులోజ్, అంటే మొక్కల కణాల గోడలను కట్టే పదార్థమే గాని, అది అమరిన తీరులో ఉంది తేడా అంతా. జనపనారలో సెల్యులోజ్ సూక్ష్మ తంతువులు నార పొడవు వెంట దాదాపు తిన్నగా ఉంటాయి కనుక, లాగితే అది సుమారు 2 శాతానికి మించి సాగకుండానే తెగుతుంది. బరువు మోసే పట్టీకి ఆ బిగువే కావాలి. కొబ్బరి పీచులో అవే తంతువులు 30 నుంచి 45 డిగ్రీల వాలులో మెలి తిరిగి ఉండటంతో, లాగినప్పుడు మెలి విచ్చుకుని పీచు 15 శాతం, ఒక్కోసారి అంతకు రెట్టింపు కూడా సాగుతుంది. పైగా కణాలను గట్టిపరిచే లిగ్నిన్ జనపనారలో 12 శాతం చిల్లర ఉంటే, పీచులో 40 శాతం దాటుతుంది. తేమకూ బూజుకూ పీచు తట్టుకోవడానికి ముఖ్య కారణం ఇదే. అందుచేత పాత కుర్చీలో పారేయవలసింది సాధారణంగా పట్టీలనే గాని పీచును కాదు.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరో చిక్కు మేకులతో వస్తుంది. తుప్పులోని ఇనుము సెల్యులోజ్ ఆక్సీకరణను, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో అది విరిగిపోవడాన్ని, వేగిరపరుస్తుంది కాబట్టి, మేకు తల చుట్టూ గోధుమరంగు మరక పడిన చోటే గుడ్డ ముందుగా పొడిపొడిగా రాలుతుంది. అలాంటి మేకులను కలప పోగుల దిశలోనే పెకలించాలి. అడ్డంగా పెకలిస్తే చట్రం అంచు చీలుతుంది.

కొత్త పట్టీ కొనను ఒక అంగుళం మడిచి, జింకు పూత ఉన్న మేకులను ఒకే గీత మీద కాకుండా ముందూ వెనకా వచ్చేలా కొట్టి, రెండో కొనను చెక్కముక్కతో మీట వేసి లాగి బిగించాలి. బిగువు సరిపోయిందా అన్నది వేలితో తట్టి చూస్తే తెలుస్తుంది, తప్పెటలా మోగాలి. స్ప్రింగులను దబ్బనంతో, పురికొసతో పట్టీలకు కుట్టి, పై చుట్లను ఒకదానికొకటి కట్టేటప్పుడు ప్రతి స్ప్రింగు దగ్గరా విడిగా ముడి వేస్తే, ఎక్కడైనా ఒకచోట కొస తెగినా మిగతావి కదలవు. అణిగిపోయిన పీచులో పోగులు చాలావరకు తెగి ఉండవు, దుమ్ముతో చిక్కుపడి ఉంటాయంతే; చేత్తో విడదీసి, దులిపి, ఎండలో ఆరబెడితే మళ్లీ పొంగుతుంది. ఫోముకు ఈ వైద్యం పనిచేయదు. తేమ, ఆక్సిజన్ కలిసి దాని అణువుల గొలుసులను తెంచేస్తాయి కనుక, పొడిగా రాలడం మొదలైతే మార్చక తప్పదు.

పైగుడ్డలో చిన్న చిరుగుకు అంచులు దగ్గరకు లాగి కుట్టడం మంచిది కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న పోగులు అప్పటికే నీరసించి ఉండటంతో బిగువైన కుట్టు కొత్త చిరుగుకు దారి తీస్తుంది. అడుగున అతుకుగుడ్డను అరిగిన మేరకంటే వెడల్పుగా దోపి, దాని మీదికి అంచులను పరిచి, వదులుగా కుట్టాలి. అతుకుకైనా, మొత్తం మార్చడానికైనా, పొందూరు ఖద్దరు మీద ఎంత మమకారం ఉన్నా సన్న నూలు రకాలను వాడకపోవడమే మేలు. రోజూ కూర్చునే రాపిడికి ముతక నేత దుప్పటి గుడ్డే నిలుస్తుంది.