మోటారు యంత్రమునకు చలువ పందిరి

వైశాఖ మాసము వచ్చినదనగానే మన యిండ్ల ముంగిళ్లలో తాటాకు పందిళ్లు లేచును. పందిరి వేయువాడు రాటలు పాతి, వాసములు కట్టి, పైన ఆకు పఱచును గాని ఆ యాకును తెచ్చి గోడకు అంటించడు. పందిరికిని ఇంటికిని నడుమ గాలి యాడవలెనని వానికి ఎవరును చెప్పనక్కఱలేదు. తాతలనాటి నుండి వచ్చిన తెలివి అది. నేనీ దినమున మీకు చెప్పబోవునదియు ఒక పందిరి మాటయే. అయితే అది ఇంటికి వేయు పందిరి కాదు, మోటారు యంత్రమునకు వేయునది. ఆ పని చేయుటలో నేను తాతల తెలివిని మఱచి, ఒకమాఱు గొప్ప యపాయపు అంచుదాక పోయి వచ్చితిని. కావున నా యనుభవము మీకు ఉపయోగపడునని తలచుచున్నాను.

“పల్లెలో నుండు మాకు కారుల గొడవ యేల?” అని పెద్దలు కొందఱు అనవచ్చును. కొడుకో అల్లుడో పండుగకు కారులో రాని యూరు నేడు అరుదు. లారీలకును, కోత యంత్రములకును, ట్రాక్టర్లలో కొన్నిటికిని టర్బో అను సాధన ముండును. కుఱ్ఱవాండ్రు వానిని తామే విప్పి తామే బిగించుచున్నారు. వారి యుత్సాహము మంచిదే. కాని “ఇచట ఆగుము” అని చెప్పవలసిన చోటు ఏదియో పెద్దలు ఎఱిగియుండుట ఇంకను మంచిది.

ముందుగా టర్బో అన నేమో చెప్పెదను. మోటారు యంత్రము నూనెను మాత్రమే తినదు, గాలిని కూడ తినును. నిప్పు మండుటకు గాలి యెంత అవసరమో కమ్మరి కొలిమి చూచినవారికి తెలియును. ఎంత గాలి లోనికి పోయిన అంత నూనె చక్కగా మండి, అంత బలము పుట్టును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి అనునాతడు 1905లో ఇందుకొక యుపాయము కనిపెట్టి పేటెంటు పొందెను. యంత్రము నుండి వృథాగా పోవు పొగకు వేగము కలదు. ఆ పొగదారిలో ఒక చిన్న చక్రము నిలిపిన, అది తిరుగును. అదే యిరుసునకు రెండవ కొనయందు మఱియొక చక్రము తగిలించిన, అది బయటి గాలిని లాగి యంత్రములోనికి నెట్టును. కమ్మరి తిత్తిని ఎవరో ఒకరు ఊదవలెను గాని, ఇచట కొలిమి తన తిత్తిని తానే ఊదుకొనుచున్నది. చిన్న కారులలో ఈ చక్రములు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగగలవు.

ఇంత బలము ఊరక రాదు. బరువు లాగునపుడు డీజిలు యంత్రపు పొగ వేడిమి 700 డిగ్రీల సెంటిగ్రేడు దాకను, పెట్రోలు యంత్రములలో 900 డిగ్రీల దాకను పోవచ్చును. ఆ పొగ తగులు టర్బో చిప్ప నిప్పుకణికవలె ఎఱ్ఱబాఱుటయు కలదు. ఇక యంత్రమునకు గాలిని పంచిపెట్టు గొట్టముల గుత్తి యొకటి వేఱుగా నుండును. దానిని ఇన్‌టేక్ మానిఫోల్డు అందురు. ఒక కాలువ నీటిని నాలుగు మళ్లకు మళ్లించినట్లు, అది వచ్చిన గాలిని నాలుగు గదులకు పంచును. కొన్ని యంత్రములలో నిది పొగగొట్టమునకు ఎదుటి ప్రక్కను ఉండును; మఱి కొన్నిటిలో అదే ప్రక్కను, దానికి పైగా నుండును. నా పాత డీజిలు కారు ఈ రెండవ తెగకు చెందినది. అనగా పొయ్యిమీద కుండ పెట్టినట్లు, గాలి గుత్తి క్రింద ఎల్లప్పుడును సెగ యుండును.

గాలి వేడెక్కిన నష్టమేమి? వేడెక్కినకొలది గాలి వ్యాకోచించి పలుచనగును. కుంచము అదే గాని అందులో పట్టు గింజలు తగ్గినట్లు, యంత్రపు గది అదే గాని అందులో పట్టు గాలి బరువు తగ్గును. 30 డిగ్రీల గాలి అదే యొత్తిడిలో 60 డిగ్రీలకు వేడెక్కినచో, దాని బరువు నూటికి సుమారు 9 పాళ్లు తఱుగును. అంతమేరకు మంట చాలదు. బండి బలము తగ్గి పొగ హెచ్చును. పెట్రోలు యంత్రములలో మఱియొక కీడు కూడ కలదు. వేడిగాలితో కలిసిన పెట్రోలు తనంతట తానే అంటుకొని, లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు పుట్టి యంత్రము చెడును.

విశాఖపట్నములో నుండువారికి ఇచట నొక సందేహము కలుగవచ్చును. మన ఉక్కు కర్మాగారములో 1990లో వెలిగించిన గోదావరి యను కొలిమికి వేయి డిగ్రీలు దాటిన వేడిగాలినే ఊదుదురు గదా! స్కాట్లండులో నీల్సన్ అనునాతడు 1828లో ఆ పద్ధతికి పేటెంటు పొందిన నాటి నుండి లోకమంతటను కొలుముల పద్ధతి అదియే. మఱి మోటారునకు చల్లగాలి యేల? కొలిమి తెఱపి లేని పొయ్యి. ఎంత గాలి కావలసిన అంత గాలి ఎడతెగక ఊదవచ్చును. అచట ఆదా చేయవలసినది వేడిమి. మోటారు గదియో కొలత పాత్ర. దానిలో ఒక్కొక్క మాఱునకు పట్టునది ఇంతయే యని నియమము. అచట ఆదా చేయవలసినది చోటు. అందుచేతనే, టర్బో నొక్కిన గాలిని మొదట ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పెట్టెలో చల్లార్చి పిదప లోనికి పంపుదురు. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు వేడెక్కుట మీరు చూచియే యుందురు. అట్లే టర్బో నొక్కిన గాలి 100 డిగ్రీలు దాటవచ్చును. అంత శ్రమపడి చల్లార్చిన గాలిని గుమ్మములో మరల కాచుట బుద్ధి కాదు.

బండి వేగముగా పోవునపుడు ఎదురుగాలియే యంత్రమును కాపాడును. చిక్కంతయు నిలిచినపుడే. గాజువాక నుండి షీలానగరు వైపు పోవు త్రోవలో రేవు లారీల వరుస వెనుక చిక్కిన బండికి గాలి యాడదు. యంత్రము తిరుగుచునే యుండును. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కునపుడును ఇంతే. వేగము తక్కువ, లాగుడు ఎక్కువ. నా కారు ఈ రెండు చోట్లను బలము తప్పి మూలుగుచుండెను. నాకు నేనే మందు వేయదలచితిని.

నేను చేసిన తప్పు ఇది. ఇంటి కప్పునకు వేయగా మిగిలిన జింకు రేకు ముక్కను కత్తిరించి, మానిఫోల్డునకు చక్కగా అంటుకొనునట్లు వంచితిని. చప్పుడు కాకుండ అడుగున గుడ్డ పట్టీలు పెట్టి, ఇనుప తీగతో బిగించి కట్టితిని. రేకు అంచు ఒకటి క్రింది పొగగొట్టపు మరను తాకుచుండెను. గట్టిగా కూర్చున్నదని సంతోషించితిని గాని, అది వేడి దిగుటకు నిచ్చెన వేసినట్లయినదని నాకు తోచలేదు.

పది దినముల తరువాత, మే మాసపు మధ్యాహ్నమున, నా మేనల్లునితోను వాని పసిబిడ్డతోను ఆ లారీల వెనుకనే అరగంట నిలిచితిని. బానెట్టు సందునుండి పొగ వచ్చెను. నూనె ఆవిరి పట్టిన గుడ్డ అంటుకొనినది. బిడ్డను దింపించి, యంత్ర మాపితిని. బానెట్టును ఒక్కసారిగా ఎత్తబోవుచుండగా, ముందున్న లారీ డ్రైవరు “ఆగండి బాబూ, గాలి తగిలితే మండిపోతాది” అని కేకవేసి, తన అగ్నిమాపక డబ్బీ తెచ్చి సందులో నుండి చిమ్మెను. మంట చల్లారెను. చూడగా ఒక తీగకు పై తొడుగు కఱగిపోయి యుండెను. దానికి జానెడు దూరములో నూనె గొట్ట ముండెను. ఆ జానెడు దూరమే ఆనాడు మమ్ము కాపాడినది.

మఱునాడు ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రీకి ఆ రేకును చూపితిని. ఆయన దానిని అటునిటు త్రిప్పి, “బాబూ, దీనికి పందిరేసినారా, దుప్పటి కప్పినారా?” అని అడిగెను. నాకు సిగ్గు కలిగెను. కాని విషయమంతయు ఆ యొక్క ప్రశ్నలోనే కలదు.

వేడిమి మూడు త్రోవల పోవును. గరిటె కాడ కాలునట్లు తాకిడిచేత పోవుట మొదటిది. పొయ్యి మీది ఆవిరివలె గాలితో పోవుట రెండవది. చలిమంటకు ఎదురుగా కూర్చున్నవాని ముఖము కాగునట్లు కిరణములచేత పోవుట మూడవది. ఈ మూడవదాని బలము వేడిమితో మితిమీరి పెరుగును. ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ 1879లో తెలిపిన నియమము ననుసరించి, 300 డిగ్రీల గొట్టము 600 డిగ్రీలకు చేరిన, అది వెదజల్లు సెగ రెండింతలు కాదు, అయిదింతలు దాటును. మెఱయు అల్యూమినియము ఆ కిరణములలో చాలభాగమును వెనుకకు కొట్టివేయును. ఉక్కు కర్మాగారములలో కొలిమి ముందట నిలుచువారు వెండివలె మెఱయు అంగీలు తొడుగుట అందుకే. ఇట్లు మెఱపు కిరణములను త్రిప్పును; ఎడము తాకిడిని త్రెంచును; ఎడములో ఆడు గాలి మిగిలిన వేడిని కొనిపోవును. ఈ మూడును కలిసిననే పందిరి. ఎడము లేనిచో అది దుప్పటియే.

ఇక సరియైన రీతి వినుడు. బండికి కర్మాగారమువారు పెట్టిన రేకు ఉన్నదా యని ముందు చూడుడు. సముద్రపు ఉప్పుగాలికి దాని మరలు త్రుప్పుపట్టి విఱుగుటయు, విఱిగిన రేకును మరల పెట్టక పోవుటయు కలదు. అట్లయినచో అసలు రేకును తెచ్చి పెట్టించుటయే ఉత్తమము. అది లేనప్పుడే స్వంతముగా చేయవలెను.

యంత్రము పూర్తిగా చల్లాఱిన పిదప అట్టముక్కతో అచ్చు కత్తిరించి చూచుకొనుడు. తరువాత ఒక మిల్లీమీటరు మందము గల అల్యూమినియము రేకును ఆ కొలతకు కోయుడు. అల్యూమినియము 660 డిగ్రీలకు కఱగును గాన, టర్బోకు మిక్కిలి చేరువగా నుండు భాగమునకు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడవలెను. జింకు రేకు పనికిరాదు. జింకు 419 డిగ్రీలకే కఱగును. మిక్కిలి కాగిన దాని పొగ పీల్చిన జ్వరము వచ్చును. ఆస్‌బెస్టాసు త్రాడును, పలకను తాకనే రాదు. దాని నూగు ఊపిరితిత్తులలో చేరి కాన్సరు కలిగించును.

రేకు అంచులను లోనికి మడిచి కొట్టుడు. అపుడది బిగువుగా నుండును, తీగలను కోయదు. వేడి గొట్టమునకు ఒక అంగుళము తగ్గకుండను, మానిఫోల్డునకు అర అంగుళము తగ్గకుండను ఎడముంచుడు. రేకును చల్లని ప్రక్కనున్న మరలకే, నడుమ చిన్న గొట్టపు ముక్కలు పెట్టి బిగింపవలెను. పొగగొట్టపు మరలకు ఎన్నడును తగిలింపరాదు. రంధ్రములను కొంచెము కోలగా తొలుచుడు. అడుగు పొడవు అల్యూమినియము 200 డిగ్రీలు వేడెక్కిన, మిల్లీమీటరు కంటె కొంత యెక్కువగా సాగును. ఆ సాగుడుకు చోటు లేనిచో రేకు వంగి తాకరాని చోట తాకును. అదురుడుకు వదులు కాని నట్లు వాడుడు. గుడ్డ, గోనె, రబ్బరు ఏవియు లోన నుండరాదు. టర్బోను మాత్రము నలువైపుల చుట్టివేయరాదు. దాని వేడి బయటికి పోనిచో లోపలి నూనె మాడి బొగ్గగును. పందిరికి ప్రక్కలు తెఱచియుండుట వంటిదే ఇదియు. పని ముగిసిన పిదప తెలిసిన మేస్త్రీకి చూపి, నూఱు కిలోమీటర్లు తిరిగి, మరలను మఱల పరీక్షింపవలెను.

నేనట్లే చేసితిని. ఫలమును దాచక చెప్పెదను. వేగముగా పోవునపుడు తేడా నాకు తెలియలేదు. గాలి ఆ గుత్తిని దాటుటకు రెప్పపాటు కూడ పట్టదు గదా! లారీల వెనుక నిలిచి కదలునపుడును, ఘాటు మలుపులలోను బండి మునుపటివలె మూలుగుట లేదు. ఈ పందిరి క్రొత్త బలమును ఈయదు. ఉన్న బలము చెడకుండ కాపాడును. నా బండిలో నిపుడు అగ్నిమాపక డబ్బీయు ఒకటి కలదు.

మీ యింటి కుఱ్ఱవాడు యంత్రము మీద రేకు బిగించుచుండగా చూచినచో, మీరు ఇంజనీరులు కానక్కఱలేదు. దగ్గఱకు పోయి ఆ మేస్త్రీ నన్నడిగిన మాటయే అడుగుడు: “నాయనా, పందిరి వేసితివా, దుప్పటి కప్పితివా?” వాడు రేకునకును గొట్టమునకును నడుమ వ్రేలు పెట్టి చూపగలిగినచో, నిశ్చింతగా బండి యెక్కవచ్చును.