తిలంగా సిపాయి - పల్టను సంప్రదాయం

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ‘తిలంగా’ అన్న మాట పరిచితమే. సిపాయి అని దాని అర్థం. అది తెలుగువారి పేరేనన్న సంగతిని మాత్రం చాలామంది గమనించరు. 1756లో క్లైవు చెన్నపట్నం నుండి వంగదేశానికి తీసుకొనిపోయిన సిపాయిలలో తెలుగువారు ఉండుటచేత అక్కడి జనులు వారిని తిలంగాలన్నారు. క్రమంగా ఎర్రకోటు తొడిగిన ప్రతి సిపాయికీ ఆ పేరే స్థిరపడినది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ పత్రాలలో కనిపించే తిలంగాలలో అత్యధికులు అవధ్ ప్రాంతీయులు, తెలుగు ముక్క రానివారు! మనుషులు మారినా పేరు నిలిచినది.

పల్టనులో ఆచారాలు నిలిచే తీరు కూడ ఇట్టిదే. జవానులు వస్తారు, పదవీ విరమణ చేసి పోతారు. టోపీపై చిహ్నం, యుద్ధనినాదం, వార్షిక దినోత్సవం మిగులుతాయి. మా ప్రాంతపు ప్రత్తిచేల నుండి, మిరపకళ్ళాల నుండి గుంటూరు రిక్రూటింగు కార్యాలయం ద్వారా వెళ్ళిన యువకునికి అక్కడ బంధువులు లేరు. ఆ లోటును తీర్చేది ఈ ఆచారమే.

అయితే ఏ ఆచారాన్ని కాపాడాలి, ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్నకు వేలూరు కోటలో రక్తం చిందినది. 1805 నవంబరులో మద్రాసు సైన్యాధికారులు క్రొత్త ఉత్తరువు చేశారు. కవాతులో నొసట బొట్టు, విభూతి కూడదు, చెవిపోగులు తీయవలె, గడ్డం గీయించి మీసం ఒకే తీరున కత్తిరించవలె. దానికి తోడు తోలు కుచ్చు గల క్రొత్త తలపాగా. తోలు ఏ జంతువుదోనన్న అనుమానం హిందువులకూ ముస్లిములకూ సమానంగానే కలిగినది. నిరాకరించిన వారికి కొరడాదెబ్బలు పడినవి. 1806 జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు తిరుగబడి, టిప్పు కుటుంబం బందీగా ఉన్న ఆ కోటను పట్టుకొన్నారు. ఆర్కాటు నుండి వచ్చిన గిలెస్పీ ఆ ఉదయమే దానిని తిరిగి స్వాధీనపరచుకొన్నాడు. వందలాది సిపాయిలు హతులైనారు. కాని ఉత్తరువులు రద్దయినవి. గవర్నరు బెంటింకునూ సేనాధిపతి క్రాడాకునూ 1807లో వెనుకకు పిలిపించారు. సిపాయి గడ్డాన్ని అలంకారమని భావించినవారు చెల్లించిన మూల్యమిది.

నేటి భారత సైన్యం ఈ విషయంలో వివేకం చూపినదని మేము తలుస్తాము. మౌల్వీ, పండిట్, గ్రంథి, పాద్రీలు మతబోధకులుగా సైన్యంలో హోదాతో నియమితులవుతారు. ఒకే కప్పు క్రింద అన్ని ప్రార్థనలూ జరిగే ‘సర్వధర్మ స్థల్’ కూడ అనేక చోట్ల కలదు.

వదలుకొనుట కూడ సంప్రదాయ రక్షణలో భాగమే. 1803లో అస్సాయేలో మరాఠాలపై కంపెనీకి లభించిన గెలుపు వంటి, స్వదేశీయులను అణచిన యుద్ధగౌరవాలను స్వతంత్ర భారత సైన్యం ఉత్సవంగా జరుపుకొనదు. విచిత్రమేమంటే ఆ యుద్ధం వలన సంక్రమించిన ఏనుగు మాత్రం మద్రాసు రెజిమెంటు చిహ్నంపై నేటికీ నిలిచియున్నది! 1920వ దశకంలో మద్రాసు పదాతిదళాలు రద్దయి, రెండవ ప్రపంచయుద్ధకాలంలో మరల ఏర్పడినవి. ఏనుగు ఆ విరామాన్నీ దాటినది.

ఆ రెజిమెంటు శిక్షణకేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టనులో ఉన్నది. ‘వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు’ అన్నది వారి నినాదం. కొట్టు, చంపు అని దాని భావం. మాట తమిళం, తెలుగు, కన్నడ, మలయాళ జవానులందరూ ఒకే గొంతుతో పలుకుతారు.