మట్టి గనిలో పాత ఎముకలు

ఐరోపా ఖండంలో పోలండు అనే దేశం ఉంది. ఆ దేశంలో ఓపొలే పట్నం దగ్గర క్రాషెయుఫ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పక్కన ఒక పెద్ద మట్టి గని ఉంది. సిమెంటు తయారు చేయడానికి అక్కడ ఏళ్ల తరబడి మట్టి తవ్వారు. పెద్ద యంత్రాలు మట్టిని గీకి ఎత్తేవి. బళ్లు దాన్ని ఫ్యాక్టరీకి మోసుకుపోయేవి.

ఆ మట్టిలో అప్పుడప్పుడు వింత రాళ్లు కనిపించేవి. కొన్ని పళ్లలాగా ఉండేవి. కొన్ని వెన్నుపూసల్లాగా ఉండేవి. అవి మామూలు రాళ్లు కావని కొందరు గమనించారు. 1993 నుంచి శాస్త్రజ్ఞులు వాటి మీద పరిశోధన మొదలుపెట్టారు. అవి రాయిగా మారిన ఎముకలు అని తేల్చారు. అట్లాంటి వాటిని శిలాజాలు అంటారు.

ఎవరూ పట్టించుకోకపోతే ఏమయ్యేది? ఆ ఎముకలు కూడా పిండి అయ్యేవి. సిమెంటులో కలిసి ఏ ఇంటి గోడలోనో ఉండిపోయేవి. వాటి కథ ఎవరికీ తెలిసేది కాదు.

ఎముక రాయి ఎట్లా అవుతుంది?

పొలంలో గొడ్డు చచ్చి పడితే ఏమవుతుంది? కుక్కలు, గద్దలు తింటాయి. మిగిలిన ఎముకలు ఎండకు, వానకు పొడి అయిపోతాయి. చాలా జంతువులకు జరిగేది ఇదే.

కానీ ఏరు పక్కనో చెరువు ఒడ్డునో చచ్చిన జంతువు సంగతి వేరు. వరద వచ్చి దాని మీద ఒండ్రు కప్పేస్తుంది. తర్వాత ఇంకో వరద, ఇంకో పొర. ఎముక లోతున పూడిపోతుంది. కుక్కలకు అందదు. గాలి కూడా సరిగా తగలదు. భూమిలోని నీరు ఎముకలోకి మెల్లగా ఇంకుతుంది. ఆ నీటిలో ఖనిజాలు ఉంటాయి. అవి ఎముకలోని సన్నని సందుల్లో పేరుకుంటాయి. చాలా కాలానికి ఎముక బరువెక్కి రాయి అవుతుంది. ఆకారం మాత్రం ఎముకదే.

ఎంత పాతవి?

క్రాషెయుఫ్ ఎముకల వయసు సుమారు 23 కోట్ల ఏళ్లు. ఆ కాలాన్ని ట్రయాసిక్ కాలం అంటారు. అప్పటికి మనిషి లేడు. ఆవు లేదు, మేక లేదు.

23 కోట్లు అంటే ఎంత? ఏడాదికి ఒక వడ్ల గింజ చొప్పున లెక్క పెట్టుకుందాం. ఎనభై ఏళ్లు బతికిన ముసలమ్మ ఆయుష్షు చిటికెడు గింజలు. రెండు వేల ఏళ్లంటే ఒక గుప్పెడు. 23 కోట్ల గింజలంటే మాత్రం సుమారు అరవై బస్తాల వడ్లు!

ఈ వయసు ఎట్లా తెలుస్తుంది? ప్రతి పండగకూ గోడకు సున్నం వేస్తారు. ఆ గోడను గీకితే పొరలు పొరలుగా వస్తుంది. అన్నిటికంటే లోపలి పొర పాతది. భూమి పొరలు కూడా అంతే. సాధారణంగా అడుగు పొర పాతది, పై పొర కొత్తది. కొన్ని రాళ్లలోని పదార్థాలు ఒక లెక్క ప్రకారం మారుతూ ఉంటాయి. ఆ లెక్కను బట్టి రాయి వయసు కడతారు. ఒక చోట వయసు తెలిసిన పొరలో దొరికిన జంతువు ఇంకో చోట దొరికితే, రెండింటినీ పోల్చి చూస్తారు.

ఏ జంతువులు దొరికాయి?

అన్నిటికంటే ఎక్కువగా దొరికింది మెటోపోసారస్. ఇది కప్పల వంటి ఉభయచర జాతిది. అంటే నీటిలోనూ నేల మీదా బతకగలది. కానీ అరచేతిలో పట్టే కప్ప కాదు. మనిషి కంటే పొడవు ఉండేది. తల చాట లాగా చదునుగా ఉండేది. కళ్లు నెత్తి మీద, బాగా ముందుకు ఉండేవి. నీటి అడుగున కదలకుండా పడుకుని, దగ్గరికి వచ్చిన చేపను పట్టేదని అనుకుంటున్నారు.

రెండోది పారాసుకస్. చూడటానికి మొసలి లాగే ఉండేది. పొడుగు మూతి, నిండా పళ్లు. కానీ మొసలి కాదు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటాయి. దీనికి కళ్ల దగ్గర ఉండేవి.

మూడోది సిలెసారస్. పొడవు రెండు మీటర్లకు పైగా ఉండేది. సన్నని కాళ్లు. దీనికి 2003లో యెజి జిక్ అనే శాస్త్రజ్ఞుడు పేరు పెట్టారు. ఇది డైనోసార్లకు దగ్గరి చుట్టం. డైనోసార్లు ఎట్లా పుట్టాయో తెలుసుకోవడానికి ఈ ఎముకలు బాగా పనికొచ్చాయి.

ఎముకలే కాదు, పేడ కూడా రాయి అయింది! అట్లాంటి పేడ ముక్క ఒకటి ఈ గనిలో దొరికింది. అది సిలెసారస్ వేసినదే కావచ్చని శాస్త్రజ్ఞులు అంటున్నారు. దాన్ని పగలగొట్టకుండా, బలమైన ఎక్స్‌రే కిరణాలతో లోపల చూశారు. అందులో చిన్న చిన్న పెంకుపురుగులు ఉన్నాయి. కాళ్లు, మీసాలు కూడా చెడలేదు. ఈ సంగతి 2021లో బయటికి వచ్చింది. ఆ జంతువు పురుగుల్ని తిన్నదని దాని పేడే చెప్పింది.

ఇన్ని జంతువులు ఒకే చోట ఎందుకు చచ్చాయి? వరద కొట్టుకొచ్చి పోగేసిందని కొందరంటారు. నీరు ఎండిపోయి చచ్చాయని కొందరంటారు. చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ ఎముకల వల్ల క్రాషెయుఫ్ పేరు అందరికీ తెలిసింది. 2010లో గని దగ్గర పెద్ద పార్కు తెరిచారు. పిల్లలూ పెద్దలూ వచ్చి చూస్తున్నారు. మట్టి కోసం తవ్విన గొయ్యి బడి లాగా మారింది.

మన గోదావరి లోయలో

ఇదంతా ఎక్కడో దూరదేశం కథ అనుకోనక్కర లేదు. ఇట్లాంటి జంతువులే మన దగ్గరా దొరికాయి. పాత ఆదిలాబాదు జిల్లాలో మలేరి అనే ఊరు ఉంది. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో ఉన్న ఎర్ర బంకమట్టి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ పొరల వయసు కూడా ఇంచుమించు అంతే.

అక్కడ కూడా చదును తల ఉభయచరం దొరికింది. అక్కడ కూడా పారాసుకస్ దొరికింది. పోలండు ఎక్కడ, గోదావరి ఎక్కడ! రెండు చోట్లా ఒకే రకం జంతువులు ఎట్లా ఉన్నాయి? ఆ కాలంలో భూమి మీది ఖండాలన్నీ ఒకటిగా అతుక్కుని ఉండేవి. మధ్యలో సముద్రాలు అడ్డం లేవు. జంతువులు తరతరాలుగా నడుచుకుంటూ వ్యాపించాయి. తర్వాత ఖండాలు విడిపోయాయి.

మలేరి పొరల్లో రెండు పారాసుకస్‌లు పక్కపక్కనే దొరికాయి. వాటి పొట్ట ఉండే చోట చిన్న జంతువుల ఎముకలు కనిపించాయి. అవి వాటి ఆఖరి భోజనం అన్నమాట! ఆ చిన్న జంతువుకు 1980లో మలేరిసారస్ రాబిన్సొనే అని పేరు పెట్టారు. ముందు మాట మలేరి ఊరి పేరు. రెండో మాట ఒక ఆడమనిషి పేరు. ఆమె పమేలా రాబిన్సన్. ఇంగ్లండు నుంచి వచ్చిన శాస్త్రజ్ఞురాలు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో శిలాజాల పరిశోధనకు పునాది వేసింది ఆమే. మన ఊరి పేరూ, ఒక స్త్రీ పేరూ కలిసి లోకంలో శాశ్వతంగా నిలిచాయి.

దొరికితే ఏం చేయాలి?

మలేరి లాంటి చోట్ల వాన కురిస్తే మట్టి కొట్టుకుపోతుంది. ఎముకలు పైకి తేలతాయి. వాటిని మొదట చూసేది శాస్త్రజ్ఞులు కారు. మేకలు కాసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, మట్టి పనికి పోయేవాళ్లు.

ఎముకలాంటి రాయి కనిపిస్తే పగలగొట్టకూడదు. అక్కడి నుంచి తీయకూడదు. అమ్మకూడదు. ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది. చోటు మారితే కథ సగం పోతుంది. అది ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఊరి పేరు, పొలం పేరు, తేదీ ఒక కాగితం మీద రాయాలి. బడి పంతులుకో మండల ఆఫీసులోనో చెప్పాలి. హైదరాబాదులో భారత భూగర్భ సర్వే సంస్థ ఆఫీసు ఉంది. అక్కడికి ఉత్తరం కూడా రాయవచ్చు.

23 కోట్ల ఏళ్లు మట్టిలో ఆగిన ఎముక ఒక్క గడ్డపార దెబ్బకు పొడి అవుతుంది. చూసినవాళ్లు ఆగి, నాలుగు మాటలు రాసి పెడితే అది మిగులుతుంది.